మెడలో గొట్టం పడేదాకా ఎందుకు ఆగుతున్నాం?



ఈ వారం జీడిపిక్కల రేటు గురించి గానీ, కొబ్బరికి పట్టిన తెల్లదోమ గురించి గానీ రాయడం లేదు. నా ఎడమ చెయ్యి గురించి రాస్తున్నాను. పోస్టు పెద్దదే, ముందే చెప్తున్నాను. కానీ మన ఉద్దానంలో కిడ్నీ జబ్బు అడుగుపెట్టని వీధి నాకు తెలిసి లేదు. కాబట్టి చదివితే మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఎవరో ఒకరికి పనికొస్తుంది. ఓపిక చేసుకోండి.

మొన్న సంతలో మా మేనల్లుడు కనిపించాడు. మా అప్ప కొడుకే. హైదరాబాదులో పనిచేసుకుంటూ ఏడాదికోసారి వస్తాడు. నా మణికట్టు పైన కోసిన గీత చూసి, "ఏటి మావా, నీకింకా మిషను పడలేదు కదా, అప్పుడే చెయ్యి కోయించేసుకున్నావేటి?" అన్నాడు. "ఫిస్టులా చేయించుకున్నానురా" అన్నాను. పక్కనున్న ఇద్దరు కిసుక్కున నవ్వారు. మనకి ఫిస్టులా అంటే తెలిసింది ఒకటే, కూర్చునే చోట వచ్చేది. కూరగాయలు బేరం చేస్తున్న ఆడవాళ్ళు తల అటు తిప్పేసుకున్నారు. వాళ్ళనేం అంటాం, రెండింటికీ ఆసుపత్రిలో ఒకటే పేరు పెట్టారు. ఇది చేతికి చేసేది, డయాలసిస్ కోసం. ఆ మాట అక్కడే విడమర్చి చెప్పాల్సి వచ్చింది, సగం సంత వింది.

నవ్వులయ్యాక మావాడు పక్కకి తీసుకెళ్ళి ఇంకో మాట అన్నాడు. "నాన్నకీ చేశారు కదా మావా. ఏటయింది?" దానికి సంతలో నిలబడి జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి రెండు రోజులు ఆలోచించి ఇది రాస్తున్నాను. వాడికోసమూ, వాడిలాగే అనుకునే అందరికోసమూ.

ముందు ఈ సంగతంతా ఎందుకొచ్చిందో చెప్తాను. డయాలసిస్ అంటే ఒంట్లో నెత్తురు బయటికి తీసి, మిషనులో కడిగి, తిరిగి ఒంట్లోకి పంపడం. నిమిషానికి పావు లీటరు, కొందరికి అంతకన్నా ఎక్కువ నెత్తురు మిషనులోకి పోవాలి. నాలుగు గంటలు ఆగకుండా పోవాలి. వారానికి రెండుసార్లో మూడుసార్లో పోవాలి, ఏళ్ళ తరబడి. మిషను ఎంత మంచిదైనా, నెత్తురు తీసే దారి మంచిది కాకపోతే అది కడిగేది ఏమీ ఉండదు. మనం బోరు మోటారు హార్స్ పవర్ గురించి పది మాటలు మాట్లాడుకుంటాం, బోరులో నీరు ఊరుతోందా అన్నది చూడం. అలాంటిదే ఇదీ.

మన చేతి మీద పైకి కనిపించే నరాలున్నాయి చూడండి. డాక్టర్లు వాటిని సిరలంటారు, నేను మనలాగే నరమనే రాస్తాను. అవి పిల్లకాలవల్లాంటివి. వాటిలో నెత్తురు మెల్లగా పారుతుంది. మిషను అంత జోరుగా లాగితే గోడలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. జోరు ఉన్న పెద్ద కాలవ వేరే ఉంది, ధమని. అది గుండె నుంచి నేరుగా వస్తుంది, కానీ లోతుగా ఉంటుంది. దాన్ని వారానికి మూడుసార్లు పొడవడం కుదరదు. అందుకని సర్జను ఏం చేస్తాడంటే, మణికట్టు దగ్గరో మోచెయ్యి దగ్గరో ఆ పెద్ద కాలవకి గండి కొట్టి పక్కనున్న పిల్లకాలవని కలిపి కుట్టేస్తాడు. ఆ జోరుకి పిల్లకాలవ వెడల్పవుతుంది, గట్టు మందమవుతుంది. పొలంలో అయితే గట్టుకి మట్టి మనమే వెయ్యాలి, ఒంట్లో అదే వేసుకుంటుంది. కాకపోతే దానికి టైము కావాలి. తక్కువలో తక్కువ నెలా పదిహేను రోజులు, చాలామందికి రెండు మూడు నెలలు. అప్పటిదాకా ఆ చేతికి డయాలసిస్ సూది పెట్టకూడదు.

ఆ టైము మాట ఒక్కటి పట్టుకోండి. ఈ పోస్టు మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది.

ఇదేమీ కొత్తగా వచ్చిన ఫ్యాషన్ వైద్యం కాదు. మొదట్లో డయాలసిస్ చేసిన ప్రతిసారీ ఒక కొత్త నరం కోసి గొట్టం పెట్టేవారట. ఆ లెక్కన మనిషికి ఎన్ని నరాలుంటాయి? నాలుగు నాళ్ళలో అయిపోయేవి. అందుకని అప్పట్లో డయాలసిస్ నాలుగు రోజులు గడ్డు దాటించడానికే తప్ప ఏళ్ళ తరబడి చేసేది కాదు. 1960లో అమెరికాలో సియాటిల్ ఊళ్ళో స్క్రిబ్నర్ అనే డాక్టరు చేతికి బయట ఒక ప్లాస్టిక్ గొట్టం అమర్చి వదిలేశాడు, మిషను పెట్టినప్పుడల్లా దాన్ని విప్పి తగిలించేవారు. అది గడ్డలు కట్టేది, చీము పట్టేది. తర్వాత 1966లో న్యూయార్కు బ్రాంక్స్‌లో మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేసే బ్రెషియా, సిమినో, వాళ్ళతో పాటు సర్జను అపెల్, ఈ చేతి ఫిస్టులా సంగతి లోకానికి చెప్పారు. అప్పటికీ ఇప్పటికీ అరవై ఏళ్ళవుతోంది. మిషన్లు ఎన్నో మారాయి. ఈ కుట్టు మాత్రం ఇప్పటికీ అదే. ఎందుకంటే ఇందులో బయటి వస్తువు ఏదీ లేదు, మన కండే, మన నరమే.

ఇంక మా బావ సంగతి.

మా బావ 2018లో యాభై దాటినవాడు. మూడెకరాల కొబ్బరి, కొంచెం జీడి. క్రియాటిన్ 5 దాటింది. ఆ ఆగస్టులో విశాఖలో కిడ్నీ డాక్టరు చూసి, ఎడమ చేతికి ఫిస్టులా చేయించుకో, ఆలస్యం చెయ్యకు అని కాగితం రాసిచ్చాడు. మేమిద్దరం కలిసే వెళ్ళాం. తిరిగొచ్చేటప్పుడు రైల్లో బావ అన్నాడు, "చెయ్యి పడిపోతే గెలలు ఎవరు దింపుతారు?" అని. సరే దసరా అవనీ అనుకున్నాం. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ వచ్చింది. మీకు వేరే చెప్పాలా? పొద్దున్న తలుపు తీస్తే తోట లేదు. మూడెకరాల్లో నిలబడ్డ చెట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పడిన చెట్లు కొట్టించడం, నష్టం రాయించుకోవడం, ఆఫీసుల చుట్టూ తిరగడం, ఇదే పని. ఫిస్టులా కాగితం నా జేబులోనే ఉంది. ఒకసారి గుర్తుచేశాను కూడా. బావ "ముందు చెట్లు ఎత్తనీ" అన్నాడు. నేనూ "సరే, ఎత్తనీ" అన్నాను. ఆ మాట నేనూ అన్నాను కాబట్టే ఈరోజు ఇంత పొడుగు రాస్తున్నాను.

సంక్రాంతి వెళ్ళిన వారానికి ఒక రాత్రి బావకి ఊపిరి ఆడలేదు. పడుకుంటే మునిగిపోతున్నట్టుంది అన్నాడు. కాళ్ళు అప్పటికే వాచి ఉన్నాయి. టౌనులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే ఆ రాత్రికి రాత్రే మెడలో గొట్టం వేసి మిషను ఎక్కించారు. న్యాయంగా చెప్పాలి, ఆ రాత్రి ఆ గొట్టమే మనిషిని బతికించింది. దాన్ని తిట్టను. అలాంటి రాత్రికి దాన్ని మించింది లేదు, వేసిన నిమిషం నుంచే పనికొస్తుంది.

చిక్కు ఆ తర్వాత. మెడలో వేసే ఆ మామూలు గొట్టం రెండు మూడు వారాల సరుకు. ఈలోగా ఫిస్టులా చేసి, అది ముదిరేదాకా చర్మం కింద నుంచి తీసే ఇంకో రకం గొట్టం, పెర్మ్‌క్యాత్ అంటారు, అది వెయ్యాలి. బావకి అలా జరగలేదు. మొదటిది మూసుకుపోతే తొడ దగ్గర ఒకటి వేశారు. అదీ పోతే గూడ ఎముక కింద ఇంకోటి. ఆ ఎముక కింద గొట్టం వేస్తే లోపలి పెద్ద నరం సన్నబడిపోతుందని, రేపు ఆ పక్క చేతికి ఫిస్టులా చేస్తే ఇబ్బందని, వీలైనంతవరకు అక్కడ వెయ్యకూడదని మాకు తర్వాతెప్పుడో విశాఖలో చెప్పారు. అప్పుడు మాకేం తెలుసు? వేసినవాళ్ళు చెప్పలేదు, మేము అడగలేదు.

ఏప్రిల్‌లో మిషను ఎక్కించిన గంటకల్లా చలి, వణుకు. మంచం ఊగేటంత వణుకు. ఇంటికొస్తే తగ్గిపోయేది, మళ్ళీ మిషను రోజున వచ్చేది. మేము మలేరియా అనుకున్నాం. ఊళ్ళో ఆర్.ఎం.పి. మూడు రోజులు ఇంజెక్షన్లు చేశాడు. చివరికి అది గొట్టం దారిన నెత్తురులోకి దిగిన చీము. పన్నెండు రోజులు ఆసుపత్రిలో. ఇంటి వెనక స్థలం అప్పుడే పోయింది. దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి: గొట్టం ఉన్న మనిషికి చలిజ్వరం వస్తే అది గొట్టం జ్వరం కాదని తేలేవరకు గొట్టం జ్వరమే. ఆర్.ఎం.పి. దగ్గరికి కాదు, డయాలసిస్ చేసే చోటికి, అదే పూట.

ఆ తర్వాత ఎడమ చేతికి ఫిస్టులా చేశారు. చేతి మీద ఝుమ్మని బాగానే కొట్టుకుంది. కానీ నెల తిరక్కుండా చెయ్యి భుజం దాకా వాచి బరువెక్కిపోయింది. స్కాను తీస్తే ఎముక కింద నరం సన్నబడిపోయి ఉంది, వచ్చిన నెత్తురు పోవడానికి దారి లేదు. కింద తూము మూసుకుపోయిన చేనులాగ. ఆ ఫిస్టులాని కట్టెయ్యాల్సి వచ్చింది. కుడి చేతికి చూస్తే అంతకుముందు ఆరు నెలల్లో పెట్టిన సెలైన్ సూదులకి, తీసిన నెత్తుర్లకి నరాలన్నీ తాడులాగ గట్టిపడి ఉన్నాయి. ఇక పెర్మ్‌క్యాత్ మీదే రెండేళ్ళు గడిచాయి. 2021లో మళ్ళీ అదే చలి, అదే వణుకు. ఈసారి మనిషి తిరిగి రాలేదు. ఊళ్ళో అందరూ కిడ్నీతో పోయాడంటారు. నేను అలా అనను.

కాబట్టి ఒరే అల్లుడూ, నాన్నకి ఫిస్టులా చేశారు కదా ఏటయింది అన్నావు. నాన్నకి ఫిస్టులా ముందు చెయ్యలేదు, మూడు గొట్టాల తర్వాత చేశారు. చెడగొట్టింది ఫిస్టులా కాదు, ఆలస్యం. ఆ ఆలస్యంలో నా వాటా కూడా ఉంది.

మా వీధి చివర ఒక వదిన ఉంది. పలాసలో జీడి ఫ్యాక్టరీలో పిక్కలు వలిచేది. ఆవిడకి మిషను పడకముందు నాలుగు నెలలకే చేయించారు, వాళ్ళన్నయ్య పట్టుబట్టి. ఇప్పటికి ఎనిమిదేళ్ళుగా అదే చేతితో డయాలసిస్‌కి వెళ్ళొస్తోంది. ఆ చెయ్యి చూడ్డానికి బాగోదు, చింతకాయలాగ ముడులు ముడులుగా ఉబ్బింది. ఒకే చోట పదే పదే సూది గుచ్చితే అలా ఉబ్బుతుందట, చోటు మారుస్తూ గుచ్చాలి. కానీ ఆ చేతితోనే చీపురు పట్టి వాకిలి ఊడుస్తుంది, బియ్యం కడుగుతుంది. మా బావా, ఈవిడా ఒకే ఊరి మనుషులు, ఒకే జబ్బు. తేడా ఆ నాలుగు నెలలు.

ఇప్పుడు నా సంగతి. నాకు 54. క్రియాటిన్ 4.1. జి.ఎఫ్.ఆర్. అని ఇంకో లెక్క ఉంటుంది, కిడ్నీ నూటికి ఎంత పనిచేస్తుందో దాదాపుగా చెప్తుంది, అది 16. మీ రిపోర్టులో క్రియాటిన్ ఒక్కటే చూసి ఊరుకోకండి, ఈ లెక్క అడగండి. డాక్టరు నాతో చెప్పింది ఇది: ఆ అంకె 30 కిందికి వచ్చినప్పటి నుంచి చేతుల్ని కాపాడుకోవాలి. 15, 20 మధ్యకి వచ్చి ఇంకా పడిపోతూ ఉంటే ఫిస్టులా గురించి సర్జనుతో మాట్లాడాలి. అంతేగాని క్రియాటిన్ 2 ఉన్నవాళ్ళంతా వెళ్ళి చెయ్యి కోయించుకోమని నేను చెప్పడం లేదు. కొందరికి అంకె ఏళ్ళ తరబడి అక్కడే నిలబడిపోతుంది. వాళ్ళకి అనవసరం.

నా ఆపరేషన్‌కి విశాఖ వెళ్ళాను. ముందు డాప్లర్ అని స్కాను తీసి ఏ నరం ఎంత వెడల్పుందో, నెత్తురు ఎలా పారుతోందో చూశారు. చెయ్యి వరకే మత్తు ఇచ్చారు, నేను మేలుకునే ఉన్నాను, సర్జను ఎవరితోనో క్రికెట్ స్కోరు మాట్లాడటం కూడా విన్నాను. గంటన్నర పట్టింది. ఆపరేషన్‌కి కార్డు పనిచేసింది, రానూపోనూ రైలు ఖర్చు, తిండి నాది. మా ఇంటావిడ వారం రోజులు నాతో మాట్లాడలేదు, లేని జబ్బు తెచ్చుకున్నానని. ఇప్పుడు పొద్దున్నే ఆవిడే నా మణికట్టు మీద వేళ్ళు పెట్టి చూసి కాఫీ ఇస్తుంది.

అదేం చూడడం అంటే, ఫిస్టులా మీద వేలు పెడితే లోపల తుమ్మెద తిరిగినట్టు ఝుమ్ముమంటుంది. నర్సులు దాన్ని థ్రిల్ అంటారు. అది ఉందంటే నెత్తురు పారుతోందని. రోజూ పొద్దున్న, రాత్రి చూసుకోవాలి. ఒకరోజు వేలు పెట్టినప్పుడు ఆ ఝుమ్ము లేదంటే గడ్డ కట్టిందని అర్థం. రేపు చూద్దాం అనకూడదు, ఆ గంటలోనే బయల్దేరాలి. త్వరగా వెళ్తే తెరిచే వీలుంటుంది, రోజులు గడిస్తే ఆ చెయ్యి పోయినట్టే. వేళ్ళు చల్లబడి, తిమ్మిరెక్కి, నొప్పి పుట్టినా చెప్పాలి. నెత్తురంతా అటు తిరిగి వేళ్ళకి చాలకపోతే అలా అవుతుంది, అది కొందరికే, కానీ దాచుకునేది కాదు.

పని సంగతి దాచకుండా చెప్తాను, మనం రైతులం కదా. చెయ్యి పడిపోలేదు. కుట్లు మానాక మెత్తటి బంతి ఒకటి పిసుకుతూ ఉండమన్నారు, నరం బలవడానికి. కొడవలి పడుతున్నాను, మొక్కలకి నీళ్ళు పెడుతున్నాను, బండి నడుపుతున్నాను. కానీ కొబ్బరి చెట్టు ఎక్కడం మానేశాను. ఆ చేత్తో బరువు ఎత్తను, బస్తా తాడు మోచేతికి తగిలించుకోను. జీడిపిక్కలు కొట్టేటప్పుడు ఆ సొన చర్మం ఎలా కాలుస్తుందో మీకు తెలుసు, ఆ చెయ్యి దగ్గరికి రానివ్వను. ఆ చెయ్యి తల కింద పెట్టుకుని పడుకునే అలవాటు మానడానికే నాకు నెల పట్టింది. గట్టి వాచీ, బిగుతు గాజులు, గుళ్ళో కట్టే కంకణం, ఏవీ ఆ చేతికి వద్దు. కత్తి తెగితే మాత్రం మామూలు గాయం కాదు, నెత్తురు చిమ్ముతుంది. శుభ్రమైన గుడ్డ పెట్టి వేలితో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి, అలాగే అదిమిపట్టి ఆసుపత్రికి పోవాలి. అందుకే తోటకి ఒంటరిగా వెళ్ళడం తగ్గించాను. ఇదంతా కష్టం కాదని అనను. ఇంకో చెయ్యి మిగిలింది, తోట మిగిలింది, అంతే.

ఇప్పుడు అసలు కోపం ఎక్కడో చెప్పనా? సెలైను మీద. ఎండలో పనిచేసి కాస్త కళ్ళు తిరిగితే చాలు, మన ఊళ్ళలో ఆర్.ఎం.పి. దగ్గరికెళ్ళి "ఒక బాటిల్ ఎక్కించు బాబూ" అంటాం. ఆయన మోచేతి దగ్గర మంచి నరం చూసి ఎక్కిస్తాడు. ఆ నరమే రేపు నీకు ప్రాణం పోసే నరం. ఒక్కో సూదికి ఒక్కో నరం మచ్చపడి గట్టిపడుతుంది. పైగా కిడ్నీ పనిచెయ్యని ఒంట్లోకి బాటిల్ నీళ్ళు ఎక్కిస్తే అవి ఎటు పోతాయి? ఊపిరితిత్తుల్లోకే. ఒళ్ళునొప్పులకి వేసే నొప్పి మాత్రలదీ ఇదే కథ, ఉన్న కాస్త కిడ్నీని తినేస్తాయి, అది ఇంకో పోస్టుకి సరిపడా ఉంది. మీరు కుడిచేతి వాటం అయితే ఎడమ చెయ్యి, ఎడమచేతి వాటం అయితే కుడి చెయ్యి, ఈరోజు నుంచీ దాచుకోండి. నెత్తురు పరీక్షకి గానీ, సూదికి గానీ, అవసరమైతే అరచేతి వెనక భాగం చూపించండి. బీపీ రెండో చేతికి చూడమనండి. సిగ్గుపడకండి, "ఈ చెయ్యి వద్దమ్మా, ఫిస్టులాకి ఉంచుకున్నాను" అని నోరు తెరిచి చెప్పండి. పరీక్షల క్యాంపు వాళ్ళకి కూడా నాదొక విన్నపం. మా పుస్తకాల్లో క్రియాటిన్ అంకె రాస్తున్నారు, మంచిదే. అంకె పెరిగినవాళ్ళ పుస్తకం అట్ట మీద "ఎడమ చేతికి సూది వద్దు" అని ఒక్క లైను రాయండి. ఖర్చు లేని పని.

వేరే మాటలూ విన్నాను. "గొట్టం అయితే సూదుల బాధ లేదు కదా" అంటారు. నిజమే. ఫిస్టులాకి ప్రతిసారీ రెండు లావు సూదులు గుచ్చాలి, నొప్పే. ఆ వదిన మొదటి నెల ఏడ్చిందట. తర్వాత అలవాటయిందంటుంది, తిమ్మిరి పట్టించే పూత కూడా ఉంటుంది. కానీ గొట్టంతో మనం స్నానం చెయ్యలేం, చెమట పట్టకూడదు, దుమ్ము పడకూడదు, కట్టు తడవకూడదు. చెమటా దుమ్మూ లేకుండా మన పని ఏముంది చెప్పండి?

"చేయించినా కొందరికి పనికిరాలేదు" అంటారు. అదీ నిజమే. నరం సన్నగా ఉంటే, షుగరు ఉంటే, వయసు ఎక్కువుంటే మొదటిసారి ముదరకపోవచ్చు. బెలూన్ పెట్టి వెడల్పు చేస్తారు, లేదంటే పై చోట మళ్ళీ చేస్తారు. అందుకే గదా ముందు వెళ్ళమనేది. ముందు వెళ్తే రెండోసారి ప్రయత్నించడానికి టైము ఉంటుంది. నరాలు అసలు బాగోలేకపోతే ధమనికీ నరానికీ మధ్య చర్మం కింద ఒక సన్న ప్లాస్టిక్ గొట్టం వేస్తారు, గ్రాఫ్ట్ అంటారు. రెండు మూడు వారాల్లో వాడుకోవచ్చు. మెడలో గొట్టం కన్నా నయం, కానీ ఫిస్టులా కన్నా త్వరగా గడ్డ కడుతుంది, చీము భయం కూడా ఎక్కువే.

అందరికీ ఫిస్టులాయే అని కూడా మొండికెయ్యకండి. నా స్నేహితుడి తల్లికి 78 ఏళ్ళు, గుండె బలహీనం. ఫిస్టులా పెడితే గుండె మీద ఇంకా భారం పడుతుందని, అది ముదిరేదాకా ఎదురుచూసే ఓపిక కూడా ఆ ఒంటికి లేదని డాక్టర్లు పెర్మ్‌క్యాతే ఉంచారు. ఆవిడకి అదే సరైంది. కొడుకు మాత్రం ఊరి మాటలు విని, అమ్మకి అన్యాయం చేశానేమో అని కుమిలిపోయాడు. అలాంటి వాళ్ళని మాటలతో పొడవకండి. ఇంట్లోనే పొట్టలోకి నీళ్ళు పట్టించి తీసే డయాలసిస్ కూడా ఒకటి ఉంది, దానికి చేతి నరంతో పనే లేదు, శుభ్రంగా ఒక గది ఉండాలి. ఏది నాకు సరిపోతుంది అని అడిగే హక్కు మనకుంది. అడగాల్సింది మిషను పడకముందు, మిషను పడిన రాత్రి కాదు. ఆ రాత్రి అడిగే తీరిక ఎవరికీ ఉండదు.

ఇంకొకటి. సోంపేటలో, పలాసలో డయాలసిస్ మంచాలు వచ్చాయి. 2023 డిసెంబరులో పలాసలో రెండు వందల పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, అదే రోజున వంశధార నీళ్ళూ ఇచ్చారు. పింఛను ఉంది. ఇవన్నీ మనవాళ్ళు ఏళ్ళ తరబడి అడగ్గా అడగ్గా వచ్చినవి, ఎవరి దయా కాదు. ఇక మనం అడగాల్సింది మిషన్ల లెక్క ఒక్కటే కాదు. మిషను మీద ఉన్నవాళ్ళలో ఎంతమందికి చేతి ఫిస్టులా ఉంది, ఎంతమంది మెడలో గొట్టంతో నడుస్తున్నారు, ఈ లెక్క అడగాలి. నరాలు కుట్టే సర్జను మనకి దగ్గర్లో వారానికి ఫలానా రోజు ఉంటాడు అని తెలియాలి. నాలాంటివాడు రెండు వందల కిలోమీటర్లు వెళ్ళి వచ్చాడు. రోజుకూలి మీద బతికే మనిషి వెళ్ళడు, చెట్లు ఎత్తనీ అంటాడు.

చొక్కా చేతుల మాట కూడా చెప్పెయ్యాలి. మన కుర్రాళ్ళు మే నెలలో ఫుల్ చేతుల చొక్కా వేసుకుని తిరుగుతున్నారు, ఫిస్టులా కనబడకూడదని. ఆడపిల్లలైతే మరీ. ఈ ఊరి సంబంధం అంటేనే బయటివాళ్ళు వెనకాడుతున్నారు, ఇక చేతి మీద గుర్తు కనిపిస్తే ఏమంటారో అని పెద్దవాళ్ళే ఆపరేషన్ వాయిదా వేయిస్తున్నారు. పెళ్ళయ్యాక చేయిద్దాం అన్న తల్లిదండ్రుల్ని నేను చూశాను. మెడ మీద కట్టు ఏ చొక్కాతో దాస్తారు? నేను మాత్రం పొట్టి చేతుల చొక్కాయే వేసుకుంటున్నాను. ఎవరైనా అడిగితే నిలబడి చెప్తాను. వేలు పెట్టి చూడమంటాను కూడా. ఆ ఝుమ్ము చూసి పిల్లలైతే భలే సరదా పడతారు.

సంతలో నన్ను అడిగిన మేనల్లుడికి 32 ఏళ్ళు. పండక్కి వచ్చినప్పుడు క్యాంపులో పరీక్ష చేయించుకుంటే క్రియాటిన్ 3.4 వచ్చింది. వాళ్ళమ్మకి ఇంకా చెప్పలేదు, నాకు చెప్పాడు. ఇప్పుడే ఫిస్టులా అవసరం పడుతుందో లేదో డాక్టరు చెప్తాడు. నేను చెప్పింది రెండే, ఆ ఎడమ చేతికి ఎవర్నీ సూది గుచ్చనివ్వకు, నాతో విశాఖ రా. మొదట సెలవు లేదన్నాడు. తర్వాత కంపెనీలో నాలుగు రోజులు ఎక్కువ అడిగాడట. గురువారం పొద్దున్న రైలుకి రెండు టికెట్లు తీశాను.